బేరింగమ్మకు లంఖణం

412. వేడి 68

కంపెనీ నియమం ప్రకారం ఈ చిట్టాలో రోజుకి మూడు వాక్యాలు మించకూడదు. వేడెంత, అదురెంత, ఏం మరమ్మతు చేశావు, అంతే. మా తిరుగుపాడులో ఏ సంగతినైనా మూడు వాక్యాల్లో చెప్పి ఊరుకున్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా అది నేను కాదు.

నా పేరు నూకరత్నం. పెద్ద బేరింగుకి ఇంజనీరుని. తిరుగుపాడు ఊరూ అదే, చక్రమూ అదే. చందమామకి దగ్గర్లో గిర్రున తిరుగుతూ ఉంటుంది. చక్రం లోపలి అంచు మీద ఇళ్లు, వీధులు, బెండ మడులు, చంద్రుడి మట్టిని కరిగించి రేకులు తీసే మిల్లు. చక్రం తిరుగుతున్నంతసేపూ మా కాళ్లు నేల మీద ఉంటాయి, పులుసు గిన్నెలో ఉంటుంది. ఆగిందా, పులుసుతో సహా అందరం గాల్లోనే. చక్రం నడిమధ్య ఓడలొచ్చే రేవుంది. రేవు తిరగదు, ఊరు తిరుగుతుంది. ఆ రెండింటి మధ్య నలిగేదే పెద్ద బేరింగు. కంపెనీ దానికి పొడుగాటి నంబరు పెట్టుకుంది. ఊళ్లో మాత్రం బేరింగమ్మ అంటారు, ముద్దుగా పిల్ల అనీ అంటారు.

పొద్దున్నే లిఫ్టెక్కి ఇరుసు దగ్గరికి పోతాను. ఇనపకడ్డీ ఒక కొస బేరింగు తొడుగుకి, ఇంకో కొస చెవికి ఆనించి వింటాను. బాగున్న బేరింగు పడుకున్న పిల్లిలా గుర్రుమంటుంది. ఈమధ్య ఆ గుర్రులో ఏదో పిసపిస చేరింది. తర్వాత నట్లు బిగించి, తొడుగు తుడిచి, అద్దాల కిటికీ దగ్గరికి వెళ్తాను. అది కంపెనీ చెప్పిన పని కాదు. కిటికీ అవతల రేవులో గవర్రాజు ఓడల తాళ్లు అందుకుంటూ ఉంటాడు. అతను కదలడు, నేను చక్రంతోపాటు తిరుగుతూ ఉంటాను. చుట్టు చుట్టుకీ ఒక్కసారి నా కిటికీ, అతని కిటికీ ఎదురుపడతాయి. ఆ ఒక్క క్షణంలో చెయ్యి ఊపాలి, నవ్వాలి, ఏదైనా మాట పెదాలతో చెప్పాలి. ఇలా చూపులతోనే ఏడాది గడిపి, చివరికి ఇద్దరం పెళ్లికి ఒప్పుకున్నాం. మూఢం వెళ్లిన మొదటి ముహూర్తానికి పెళ్లి. ఇది రాస్తూ రెండుసార్లు నవ్వుకున్నాను, ఎవరూ చూడలేదు.

ఇంక అసలు సంగతి. మా దగ్గర సోదెమ్మ అని ఒక యంత్రం ఉంది. మిల్లులో ప్రతి మోటారు వేడీ, ప్రతి పంపు అదురూ దానికి తెలుస్తాయి. ఏది ఎప్పుడు చెడుతుందో ముందే చెప్పేస్తుంది. అది వచ్చాక మిల్లు హఠాత్తుగా ఆగడమనేది మర్చిపోయాం, ఖర్చూ సగానికి సగం తగ్గింది. ఈ ఉదయం సోదెమ్మ చెప్పిన జోస్యం ఇది: "పెద్ద బేరింగు అరిగినది. మార్చవలెను."

పెద్ద బేరింగు మార్చాలంటే చక్రం రెండేళ్లు ఆగాలి. అన్నాళ్లు ఆగాలంటే ఊరు ఖాళీ చెయ్యాలి. కంపెనీ నించి మధ్యాహ్నానికల్లా కబురొచ్చింది. మూఢం అయ్యాక ఇన్‌స్పెక్టరు వస్తారట. ఆయన కళ్ల ముందు వేడి తొంభై దాటితే జనాన్ని తలో చక్రానికీ సర్దేస్తారట, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి. ఖాళీ చేసిన చక్రానికి మనుషులు తిరిగొచ్చిన సంగతి నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చి, కడ్డీ తుడిచి, మళ్లీ విన్నాను. పిసపిస.

415. వేడి 74

ఈ ఊళ్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. బేరింగమ్మకి ఒంట్లో బాగాలేదని వీధి వీధికీ పాకిపోయింది. దాంతో పిడులు నొక్కడం మొదలెట్టారు.

పిడుల సంగతి చెప్పకపోతే కంపెనీవాళ్లకి ఈ చిట్టా అర్థం కాదు. ప్రతి వాకిట్లోనూ ఒక ఇత్తడి పిడి ఉంటుంది. దాన్ని నొక్కితే ఇంటి జాడీలోంచి గోరంత గ్రీజు సన్నటి గొట్టంలోకి వెళ్లి, ఇరుసు దాకా ఎక్కి, బేరింగులో పడుతుంది. ఊరు కట్టిన కొత్తలో, ఉన్న కాసిని కుటుంబాలకీ చేతినిండా పని. బేరింగుకి గ్రీజు పెట్టడం ఎవరో ఒకరు మర్చిపోతారని మొదటి ఇంజనీరు వీర్రాఘవయ్యగారు ఒక ఆచారం పెట్టారు. ఎవరింట్లో శుభం జరిగినా బేరింగమ్మకి ఒక నొక్కు చదివించాలి. ఎవరైనా కోపమొచ్చి కట్టేస్తారేమోనని ఆయన ఆ గొట్టాలకి వాల్వు కూడా పెట్టలేదు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన భార్య బుల్లెమ్మ మామ్మ మాత్రం ఇప్పటికీ ఊరికి పెద్దదిక్కు.

అప్పట్లో శుభమంటే ఏడాదికి రెండు పెళ్లిళ్లు, ఒక బారసాల. ఇప్పుడు ఊరు పెరిగింది. పెళ్లికి నొక్కు, తాంబూలాలకి నొక్కు, పిల్లాడికి పన్నొస్తే నొక్కు, ఊడితే నొక్కు. బెండ మడిలో మొదటి కాయకి నొక్కు. అత్తాకోడళ్లు మాట్లాడుకుంటే రెండు నొక్కులు. గ్రీజు కూడా కంపెనీది కాదు, ఎవరిది వాళ్లే కాచుకుంటారు, ఆవకాయలాగా. మామ్మ గ్రీజు పచ్చగా ఉంటుంది. మిల్లు వీధివాళ్లది నల్లగా, కారంగా వాసనొస్తుంది. ఎవరిది వాళ్లకి గొప్ప.

ఈ సాయంత్రం మామ్మ మా ఇంటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఏమే రత్నం, పిల్లకి జొరవంట గదా?"

"జొరం కాదు మామ్మా, వేడి."

"వేడంటే జొరం కాదేటే, పెద్ద సదువులు సదివేవు! ఎన్ని నొక్కులు పెట్టమంటావో సెప్పు. మొగమాట పడకు."

కంపెనీ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, వేడెక్కితే గ్రీజు చూడమని. నేనూ ఆ మాటే అన్నాను. ఇంటికి రెండు నొక్కులు పెట్టమన్నాను. మామ్మ నా తల నిమిరి, "బంగారు తల్లివే" అని వెళ్లిపోయింది.

419. వేడి 83

గోరుచుట్టు మీద రోకటి పోటు. ఎల్లుండి నుంచి మూఢం. మూఢంలో శుభకార్యాలుండవు. మూఢం అయ్యాక ఊరే ఉంటుందో లేదో తెలీదు. అంచేత వచ్చే ఏడు చేసుకుందామనుకున్న వాళ్లూ, అసలు చేసుకుందామా వద్దా అనుకుంటున్న వాళ్లూ, ఈ రోజే ఇక్కడే చేసేసుకోవాలని పట్టుబట్టారు. ఏడు పెళ్లిళ్లు! పంతులుగారు ఒక పందిట్లో మంగళసూత్రం కట్టించి, పక్క పందిట్లోకి పరుగెత్తి కన్యాదానం చేయించారు. ఒకచోట ఆదరాబాదరాగా పెళ్లికొడుకు పేరు మార్చి చదివేశారట, ఆ కుర్రాడు ఊరుకోలేదు. మేళంవాళ్లు వీధి మధ్యలో నిలబడి ఏడిళ్లకీ కలిపి ఒకే పాట వాయించారు. నేను ఏడు భోజనాలూ చేశాను. ఏడో ఇంట్లో గుమ్మడికాయ దప్పళం ఎలా ఉందో అడక్కండి.

ప్రతి పందిట్లోనూ నొక్కులు. వధూవరులవి, వాళ్ల తల్లిదండ్రులవి, వచ్చిన ప్రతి చుట్టానివి. "పిల్లకి బాగా పెట్టండ్రా, నీరసంగా ఉంది పాపం" అంటూ ఆడవాళ్లు క్యూ కట్టారు.

ఆనందంతో తల తిరిగిపోతూనే ఇరుసు దగ్గరికి వెళ్లాను. గవర్రాజు రేవులోంచి ఇటువైపు వచ్చి నాకోసం కాచుకుని ఉన్నాడు. బేరింగు తొడుగు మీద చెయ్యి వేసి, "ఓలమ్మో" అని లాక్కున్నాడు.

"రత్నం, అట్లపెనంలాగుందే ఇది! గ్రీజు పెట్టలేదేటి?"

"ఊరంతా పెట్టింది."

"ఆయ్, మరైతే ఇంకా పెట్టమను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తొంభైకి ఇంక ఎంతో లేదు. అతను నా చెయ్యి పట్టుకుని, "మనల్ని ఒకే సెక్రంలో పడేస్తారంటావా?" అన్నాడు. నాకు తెలీదు.

426. వేడి 61

నేను తప్పు చూశాననుకుని వేడిమీటరు అద్దం తుడిచాను. అరవై ఒకటే. కడ్డీ పెట్టి విన్నాను. పిసపిస తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, పిల్లి గుర్రు మళ్లీ వినపడుతోంది.

వారం రోజుల్లో నేను చేసిందేమీ లేదు. గ్రీజు పెట్టలేదు, నట్లు మార్చలేదు. అరిగిన బేరింగు దానంతటది బాగుపడడం ఏ పుస్తకంలోనూ లేదు. సోదెమ్మని అడిగితే, "కారణము తెలియదు. అరుగుట నిశ్చయము" అంది. కుదరని రోగానికి పెట్టే పేరులా ఉంది.

ఊళ్లోకి దిగి మామ్మ ఇంటికి వెళ్లాను. మామ్మ వాకిట్లో పిడి తుడుచుకుంటోంది. తళతళలాడుతోంది గానీ జాడీలో గ్రీజు వారం క్రితం ఉన్నంతే ఉంది.

"పిల్లకి పెట్టడం మానేశావేం మామ్మా? అలిగావా?"

"అలగడమేటే? మూఢం గదా. శుభవే లేదు, నొక్కెక్కడిది?"

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. మామ్మ నాకు కళ్లు తిరిగాయనుకుని మజ్జిగ తెచ్చింది. నిజంగానే తిరిగాయి. ముహూర్తాలున్నప్పుడు బేరింగు కాగిపోతోంది, మూఢంలో చల్లబడుతోంది. పెట్టినకొద్దీ వేడెక్కుతోంది. వేడెక్కుతోందని ఇంకా పెడుతున్నాం. బేరింగు లోపలి ఉక్కు గుళ్లు గ్రీజులో ఈత కొట్టాలి గానీ మునిగిపోకూడదు. బేరింగులో ఖాళీ మూడొంతులుంటే ఒక వంతే గ్రీజుండాలి. మనం కుక్కి కుక్కి పెట్టాం, మానేసిన వారంలో ఎక్కువైంది సందుల్లోంచి కాస్త కారిపోయింది. అరిగి కాదు, పొట్ట పగిలి మూలుగుతోంది! మజ్జిగ గ్లాసుతో లేచి మామ్మని పట్టుకుని ఒక చుట్టు తిప్పాను. మజ్జిగ ఒలికింది. మామ్మ తిట్టింది.

427. వేడి 60

సోదెమ్మకి ఊరి పెళ్లిళ్లూ బారసాలలూ పళ్లూడడాలూ అన్నీ చెప్పాను. ఇంతకాలం దానికి వేడీ అదురూ తప్ప మనుషుల సంగతి తెలీదు. కంపెనీ గ్రీజు లెక్క తెలుసు, వాకిళ్లలో జాడీల సంగతి తెలీదు. కాసేపు ఆలోచించి చెప్పింది:

"వేడికి కారణము వివాహములు. ఈ గ్రామమున వివాహములు నిషేధించవలెను."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. కడుపుబ్బ నవ్వాను. తర్వాత నా పెళ్లి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. సోదెమ్మకి చెప్పాను, నిషేధించాల్సింది పెళ్లిళ్లని కాదమ్మా, నొక్కుల్ని అని. "అది నా అధీనమున లేదు" అంది. నిజమే. అది ఎవరి అధీనంలోనూ లేదు. వాల్వే లేదు కదా.

429. వేడి 60

మిల్లు ఆవరణలో ఊరంతటినీ పిలిచి చెప్పాను. బొమ్మలు గీశాను. గుళ్లు, గ్రీజు, ఖాళీ, రాపిడి, అన్నీ వివరించాను. ఎంత బాగా చెప్పానో! ఒక్కరికీ ఎక్కలేదు.

"నొక్కు లేకుండా పెళ్లేటండీ, అది పెళ్లా?"

"మా తాత కాడ్నించీ తింటన్న పిల్లకి మా గ్రీజు ఇప్పుడు చేదయిందా?"

"మిల్లు వీధోళ్ల నల్లదానివల్లే ఇదంతా. మాది పెట్టుకోవచ్చు గదా?"

మిల్లు వీధివాళ్లు లేచారు. కొట్లాట అయింది. మూఢం వెళ్లగానే నా పెళ్లికి ఊరంతా వస్తుంది, పక్క చక్రాల నుంచి చుట్టాలొస్తారు, అందరూ నొక్కుతారు, ఇన్‌స్పెక్టరు ఎదురుగానే తొంభై దాటుతుంది. ఇదంతా నా కళ్లకి కట్టింది. గొంతు చించుకుని అరిచాను, "పెట్టొద్దు, అంతే, పెట్టొద్దు!" అని. అందరూ నొచ్చుకుని వెళ్లిపోయారు. మామ్మ అందరికంటే ముందే వెళ్లిపోయింది. అది మిగతావాళ్ల అరుపులకంటే ఎక్కువ గుచ్చుకుంది.

మామ్మ ఇంటికి వెళ్లాను. చేటలో బియ్యం ఏరుతోంది, నావైపు చూడలేదు.

"ఆయన పెట్టిన ఆచారవే అది."

"తెలుసు మామ్మా."

"పెతీ ఏడూ మా పెళ్లిరోజుకి ఒక నొక్కు పెడతాను. ఆయనకి అన్నం పెట్టినట్టే ఉంటది నాకు."

ఆ మాటకి నా దగ్గర బొమ్మల్లేవు. పక్కన కూర్చుని బియ్యం ఏరడం మొదలెట్టాను. ఏరుతూనే అడిగాను. "మామ్మా, నా అయిదో పుట్టినరోజుకి ఏమైందో గుర్తుందా?"

మామ్మ చెయ్యి ఆగింది. "మర్చిపోతానా? వీధి వీధంతా తలో అరిసే నీ నోట్లో కుక్కేరు. ముద్దుగా ఉన్నావని. పొట్ట తప్పెటలా ఉబ్బి, ఒళ్లు కాలిపోయి, చచ్చి బతికేవు."

"నీరసంగా ఉందని మా అమ్మ ఇంకో అరిసె పెట్టబోయింది."

"దాని సేతిలోది లాగి అవతల పారేసేను. వామునీళ్లు పట్టించి, పూటంతా ఏమీ పెట్టనివ్వలేదు గదా..."

మామ్మ చేట కింద పెట్టింది. నావైపు తిరిగి చూసింది.

"అజీర్తా?" అంది.

"అజీర్తే మామ్మా."

"ఓసి నీ బడవా! అలా సెప్పవేం? గుళ్లంటావు, రాపిడంటావు, బొమ్మలేస్తావు. అజీర్తంటే ఊళ్లో పసిగుడ్డుకి కూడా తెలుస్తాది గదే!" అని లేచి నిలబడింది. అంతలోనే మొహం చిన్నబోయింది. "ఆయన తెలవక పెట్టేడంటావా?"

"ఆయన ఆకలితో ఉన్న పిల్లకి పెట్టాడు మామ్మా. ఇప్పుడు పిల్లకి ఊరినిండా చుట్టాలే."

మామ్మ కొంగుతో కళ్లొత్తుకుని, చెప్పులేసుకుని వీధినపడింది. నేను వెనకాల పరుగెత్తాను. ప్రతి గుమ్మం ముందూ ఒకే మాట: "పిల్లకి అజీర్తి సేసింది. లంఖణం పరమౌషధం. ఎవరన్నా పెట్టేరంటే సేతులిరగ్గొడతాను." నేను మధ్యాహ్నమంతా చెప్పి ఒప్పించలేనిది, మామ్మ వీధి చివరికి వెళ్లేలోపు అయిపోయింది. "పాపం, పొట్టుబ్బరంతో పిల్ల ఎంత బాధపడిందో" అని మిల్లు వీధి ఆడవాళ్లు ముక్కు చీదారు. ఒకావిడ వామునీళ్లు పట్టిద్దామా అని అడిగింది. వద్దన్నాను.

438. వేడి 59

ఇన్‌స్పెక్టరు దైవసహాయంగారు దిగారు. సన్నగా, నెమ్మదిగా ఉన్నారు. పిడులూ జాడీలూ లంఖణమూ అన్నీ విన్నారు. నవ్వలేదు.

"వేడి తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ అదురు తగ్గలేదండీ. అరుగుదల ఉందనే సోదెమ్మ అంటోంది."

"అరుగుదల కాదండీ. పది రకాల గ్రీజు లోపల కలిసి గడ్డకట్టింది. విప్పి కడిగితే మీకే తెలుస్తుంది."

"విప్పాలంటే చక్రం ఆపాలి కదా. ఈ చక్రం ఎప్పుడైనా ఆగిందా?"

"ఎప్పుడూ లేదండీ."

ఆయన బేరింగు మీద చెయ్యి వేసి వేడి చూసుకున్నారు. చివరికి ఒక్క పూట ఇచ్చారు. ఆపి, కడిగి, కొత్త గ్రీజు కొలిచి పెట్టి, మళ్లీ తిప్పాలి. తిప్పాక తొంభై దాటిందంటే ఊరు ఖాళీ. ఆయనకి ఉన్నది ఎల్లుండి ఒక్కరోజే. ఎల్లుండే నా పెళ్లి.

పంతులుగారిని అడిగాను. "చక్రం ఆగితే ఆగుతుందమ్మా, ముహూర్తం ఆగదు" అన్నారు.

440. వేడి చివర్లో రాస్తాను

తెల్లారగానే చక్రం ఆపారు. ఒళ్లు తేలికవుతూ తేలికవుతూ, చెప్పుల్లోంచి కాళ్లు లేచిపోయాయి. ఊరంతా ఒక్కసారి కెవ్వున అరిచి, ఆ వెంటనే నవ్వడం మొదలెట్టింది. జన్మలో ఎప్పుడూ తేలని ముసలాళ్లు తేలుతున్నారు. పూలదండలు పాముల్లా ఈదుతున్నాయి. ఒకావిడ సాంబారు మూత తీసింది, ఆ తర్వాత దాన్ని పట్టుకోవడానికి పదిమంది గరిటెలతో ఎగిరారు. తిరగని రేవులో గవర్రాజుకి ఇది రోజూ ఉన్నదే కదా, చుట్టాలందరినీ ఒక తాడుకి గుచ్చి పెళ్లిమండపంలోకి లాక్కెళ్లాడు. దైవసహాయంగారు ఒక స్తంభాన్ని వాటేసుకుని కళ్లు మూసుకున్నారు.

నేను పట్టుచీర కుచ్చిళ్లు నడుముకి చుట్టుకుని, మామ్మనీ ఇంకో అయిదుగురు ఆడవాళ్లనీ తీసుకుని ఇరుసు దగ్గరికి వెళ్లాను. తొడుగు విప్పాం. లోపల గ్రీజు! పొరలు పొరలుగా, రంగురంగులుగా, హల్వాలాగా. "ఇది మాదే!" "ఈ నల్లది మాది, చూశారా ఎంత గట్టిగా ఉందో!" అని ఎవరిది వాళ్లు గుర్తుపట్టి గరిటెలతో తోడారు. అడుగున, గుళ్లకి ఆనుకుని, రాయిలా గడ్డకట్టిన పచ్చటి పొర ఒకటి కనబడింది. మామ్మ దాన్ని గోటితో గీకి చూసింది. ఇది మొదట్లోదే, ఆయన చేతిదే అంది. ఆ పొర మామ్మే తీసింది, అంతా తనే తీసింది. కింద గుళ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఎక్కడా ఒక్క గీత లేదు. అరగలేదు! నేను గాల్లో రెండు పిల్లిమొగ్గలేశాను. గోరింటాకు మీద మోచేతి దాకా గ్రీజు.

కొత్త గ్రీజు కొలిచి, ఒక వంతే పెట్టి, తొడుగు బిగించి, మండపానికి ఈదుకుంటూ వచ్చేసరికి ముహూర్తం దగ్గరపడింది. పంతులుగారు తలకిందులుగా మంత్రాలు చదువుతున్నారు. జీలకర్రా బెల్లం పెట్టడం బాగానే కుదిరింది, అది అతుక్కుంటుంది కాబట్టి. తాళి కట్టడానికి గవర్రాజు నా చుట్టూ ఒకసారి తేలి వచ్చాడు. తలంబ్రాలు పోసుకున్నాం. పోస్తే పడాలిగా! దోసిళ్లలోంచి లేచిన బియ్యం పైకి కిందకి పక్కలకి పోయి మండపమంతా నిండిపోయింది. పసుపు బియ్యపు గింజల మధ్య ఊరు ఊరంతా తేలుతూ నవ్వుతోంది. నాకు ఊపిరాడలేదు నవ్వి నవ్వి.

అప్పుడు చక్రం తిప్పమని చెప్పాను.

మెల్లగా మొదలైంది. చక్రమంతా చిన్నగా వణికింది. ఆ వెంటనే ఇరుసు దగ్గర నుంచి ఒక మూలుగు వచ్చింది. ఊళ్లో ఎవరూ ఎప్పుడూ వినని మూలుగు. అందరి నవ్వులూ ఆగిపోయాయి. సోదెమ్మ గోడలోంచి వేడి చదవడం మొదలెట్టింది. అరవై. అరవై ఎనిమిది. డెబ్బై అయిదు.

"అమ్మో, పిల్ల ఏడుస్తందే," అంది ఎవరో.

"ఆకలేమో! ఒక్క నొక్కు పెడితే..."

కొత్తగా పెట్టిన గ్రీజు సర్దుకునేదాకా వేడి పెరుగుతుంది, తర్వాత దిగుతుంది. అది నాకు తెలుసు. ఎనభై. మండపం గోడకి పెళ్లిళ్ల కోసం పెట్టిన పెద్ద పిడి ఉంది. జనం దానివైపు కదిలారు, తెలియకుండానే, తేలుకుంటూ. నేను వాళ్లని దాటి వెళ్లలేకపోయాను. గవర్రాజు కొంగుముడి నన్ను వెనక్కి లాగుతోంది.

పిడి దగ్గర మామ్మ ఉంది. కొంగుతో తనని తాను పిడికి కట్టేసుకుని, రెండు చేతులూ దాని మీద కప్పింది.

"ఎవడూ దగ్గిరికి రావొద్దు. లంఖణమన్నానా లేదా?"

"ఏడుస్తందే మామ్మా!"

"ఏడవనీయండి. పిల్లలేడిస్తే చచ్చిపోరు. మీరు పెడితేనే..." మామ్మ పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంది. "నాకు మాత్రం సెయ్యి లాగట్లేదేటర్రా? ఆగండి. కూసింత ఆగండి."

ఎనభై నాలుగు. ఎనభై ఆరు. దైవసహాయంగారు స్తంభం వదిలి కళ్లు తెరిచారు. ఎనభై ఎనిమిది. ఇళ్ల దగ్గర ఉండిపోయినవాళ్లు ఏం చేస్తున్నారో నాకు తెలీదు. ప్రతి వాకిట్లో ఒక పిడి ఉంది, ఆపేవాడు ఎవడూ లేడు. ఆ మూలుగు వింటూ ఎవరైనా ఒక్కరు నొక్కినా చాలు. గవర్రాజు నా చెయ్యి నలిపేస్తున్నాడు.

ఎనభై తొమ్మిది.

ఎనభై తొమ్మిది.

ఎనభై తొమ్మిది.

"ఎనభై ఏడు," అంది సోదెమ్మ.

ఎవరూ నొక్కలేదు. ఊళ్లో ఒక్క మనిషీ నొక్కలేదు. మూలుగు సన్నబడి, గుర్రుగా మారింది. కాళ్ల కిందికి నేల వచ్చింది. గాల్లో ఉన్న తలంబ్రాలన్నీ మెల్లగా బరువెక్కి, మా తలల మీద, పంతులుగారి మీద, దైవసహాయంగారి కోటు మీద, మామ్మ ఒళ్లోకి జలజలా రాలాయి. డెబ్బై. అరవై. యాభై ఎనిమిది.

"అరుగుదల లేదు," అంది సోదెమ్మ. "జోస్యము ఉపసంహరించుకొనుచున్నాను."

దైవసహాయంగారు భుజం మీది బియ్యం దులుపుకోకుండానే నా దగ్గరికి వచ్చారు. "ఊరు ఉంటుందమ్మా," అన్నారు.

ఊరు బతికింది. ఇంతకంటే శుభం ఏముంటుంది? మరి శుభం జరిగితే ఏం చేస్తారు మావాళ్లు? ఒక్క ఉదుటున అందరూ పెద్ద పిడి మీదికి ఉరికారు, పట్టలేని సంతోషంతో.

"సేతులు తియ్యండ్రా!" మామ్మ గర్జించింది.

అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు, చేతులు గాల్లోనే. పుట్టిన దగ్గర్నించీ సంతోషమొస్తే నొక్కిన చేతులు అవి. ఇప్పుడు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలీలేదు. మిల్లు వీధి ఆవిడ ఒకసారి చేతులకేసి చూసుకుని, రెండూ కలిపి ఒక చప్పట కొట్టింది. పక్కావిడ కొట్టింది. తర్వాత ఊరంతా. మామ్మ కొంగు ముడి విప్పుకుని, పిడిని ఒకసారి నిమిరి, ఏడుస్తూ నవ్వుతూ అందరికంటే గట్టిగా కొట్టింది.

వేడి యాభై ఆరు. మరమ్మతు ఏమీ అక్కర్లేదు. చప్పట్లు ఇంకా కొడుతూనే ఉన్నారు.